పాఠం 9: పెన్సిల్ గీత మీద సిరా – జాక్ కిర్బీ పుటలపై ముగ్గురు ఇంకర్ల పని

9.1 పరిచయం

కామిక్ పుస్తకం గురించి రాసేటప్పుడు కథ, పాత్రలు, గడుల అమరిక గురించి మాట్లాడటం మీకు ఈపాటికి అలవాటై ఉంటుంది. ఈ పాఠంలో ఇంకొంచెం కిందికి దిగి గీత దగ్గరికి వెళ్దాం. కాగితం మీద నల్లగా కనిపించే ఆ గీత ఎవరిది? ప్రశ్న చిన్నదే. కానీ దీన్ని అడగకుండా రాసిన కామిక్స్ విమర్శ చాలానే ఉంది. అందులో పొగడ్త ఒకరికి దక్కాల్సింది మరొకరికి దక్కింది, నింద కూడా అంతే.

ఉదాహరణకు అమెరికన్ చిత్రకారుడు జాక్ కిర్బీని (1917–1994) తీసుకుందాం. పేరు వినకపోయినా ఆయన పని మీరు చూసే ఉంటారు. తెలుగు డబ్బింగ్‌లో వచ్చిన కెప్టెన్ అమెరికా, థోర్, హల్క్, బ్లాక్ పాంథర్ సినిమాల పాత్రలకు కాగితం మీద మొదటి రూపం ఇచ్చింది ఆయనే. కెప్టెన్ అమెరికాను జో సైమన్‌తో కలిసి, మిగిలిన ముగ్గురిని మార్వెల్ సంస్థలో స్టాన్ లీతో కలిసి సృష్టించారు. “కిర్బీ గీతలో గొప్ప బలం ఉంది” అనే వాక్యం ఏ కామిక్స్ చరిత్రలోనైనా కనిపిస్తుంది. ఆ బలం నిజమే. కానీ అచ్చయిన పుటలో మీ కంటికి కనిపించే గీతల్లో కిర్బీ చేతితో గీసినవి చాలాసార్లు ఒక్కటి కూడా ఉండవు. ఆయన పెన్సిల్‌తో గీసేవారు. దాని మీద మరొకరు సిరాతో గీసి, సిరా ఆరాక పెన్సిల్ గీతలను రబ్బరుతో చెరిపేసేవారు. ఆ మరొకరినే ఇంకర్ అంటారు.

ఈ పాఠం చదివాక ఒక పుటను చూసి “ఇది గీసినవారి నిర్ణయం, ఇది సిరా వేసినవారి నిర్ణయం” అని వేరుచేసి చెప్పడానికి మీరు ప్రయత్నించగలగాలి. ప్రతిసారీ సాధ్యం కాకపోవచ్చు. ఎందుకు సాధ్యం కాలేదో చెప్పగలిగినా విమర్శలో అది పనికివచ్చే మాటే.

9.2 సిరా ఎందుకు అవసరమైంది

దీనికి కారణం కళలో లేదు, అచ్చుయంత్రంలో ఉంది. ఆ రోజుల్లో కామిక్ పుస్తకాలను చవకైన న్యూస్‌ప్రింట్ మీద అచ్చువేసేవారు. బొమ్మను కెమెరాతో ఫోటో తీసి, చిన్నది చేసి, దాని నుంచి అచ్చుపలక తయారుచేసేవారు. ఆ పద్ధతిలో గీతకు రెండే స్థితులు: నలుపు, తెలుపు. పెన్సిల్ గీతలోని బూడిద ఛాయలు అందులో నిలిచేవి కావు, లేత గీత మాయమయ్యేది, ఒత్తి గీసింది మరకలా వచ్చేది. అందుకని ప్రతి గీతా ఉందో లేదో, ఉంటే ఎంత మందమో ఎవరో ఒకరు ముందే తేల్చాలి. ఇంకర్ చేసే పని అదే. పెన్సిల్ “బహుశా ఇక్కడ” అని చెప్పిన చోట సిరా “ఇక్కడే” అని చెప్పాలి.

శ్రీకాళహస్తి కలంకారీ పని చూసినవారికి ఇది తేలికగా అర్థమవుతుంది. అక్కడ ముందు చింతబొగ్గుతో గుడ్డ మీద రూపురేఖలు గీసుకుని, తరువాత బెల్లమూ ఇనుమూ నానబెట్టి చేసిన నల్లని కసిమిలో కలం ముంచి గీస్తారు. బొగ్గు దులిపితే పోతుంది, కసిమి గీత నిలుస్తుంది. ఆ రెండు గీతలూ ఇద్దరు వేర్వేరు మనుషులు గీశారనుకోండి. అప్పుడు వారి మధ్య ఏం జరుగుతుందన్నదే ఈ పాఠం విషయం.

1960లలో మార్వెల్ పుట ఎలా తయారయ్యేదో చూడండి. రచయిత, చిత్రకారుడు కలిసి కథను క్లుప్తంగా మాట్లాడుకునేవారు. కిర్బీ ఇంటికి వెళ్ళి మొత్తం కథను గడులుగా విభజించి పెన్సిల్‌తో గీసి, ఏ గడిలో ఏం జరుగుతోందో అంచుల్లో రాసి పంపేవారు. స్టాన్ లీ ఆ పుటలు ముందు పెట్టుకుని సంభాషణలు రాసేవారు. అక్షరకారుడు మాటల బుడగలను సిరాతో రాసేవాడు. ఆ తరువాతే పుట ఇంకర్ చేతికి వచ్చేది. రంగులు వేసేది ఇంకొకరు. రంగులవారి పని ఈ పాఠంలోకి రాదు.

మూలచిత్రాలు అచ్చు పుటకన్నా చాలా పెద్దవి. 1960ల చివరి దాకా బొమ్మ సుమారు 12.5 అంగుళాల వెడల్పు, 18.5 అంగుళాల ఎత్తు ఉండేది. తరువాత దాన్ని 10 × 15 అంగుళాలకు తగ్గించారు. పెద్ద బొమ్మ చిన్నదైనప్పుడు సన్నని గీతలు ఒకదానికొకటి దగ్గరవుతాయి, కొన్ని అతుక్కుపోతాయి. మంచి ఇంకర్ బల్ల మీద ఉన్న పుటను చూస్తూ అచ్చయ్యాక అదెలా ఉంటుందో ఊహించుకుని గీయాలి. ఇలా తప్పనిసరిగా ముందుచూపుతో చేయాల్సిన పనిని “గీసిన దాని మీదే దిద్దడం” అని తీసిపారేసేవారున్నారు. 1997లో వచ్చిన ‘చేజింగ్ ఏమీ’ అనే హాలీవుడ్ సినిమాలో ఒక ఇంకర్‌ను అదే మాటతో ఏడిపించే సన్నివేశం ఉంది.

పనిముట్లు రెండు రకాలు. ముంచి రాసే ఉక్కు పాళీ గట్టిగా, సన్నగా, పదునుగా గీస్తుంది. జంతువు వెంట్రుకతో చేసిన కుంచె గీత మధ్యలో లావై, చివర సూదిలా ముగుస్తుంది. సిరాను ఇండియా ఇంక్ అంటారు. మసితో చేసే ఈ సిరా పుట్టింది చైనాలో, పేరు మాత్రం మనది. తప్పు పోతే తెల్లరంగు పూసి దాని మీద మళ్ళీ గీయాలి. పాళీ ఎక్కువ వాడతాడా, కుంచె ఎక్కువ వాడతాడా అన్నది ఇంకర్‌ను గుర్తుపట్టడానికి మొదటి ఆనవాలు.

9.3 ఒక నెల తేడా

ఇప్పుడు అసలు సాక్ష్యానికి వద్దాం. ‘ఫెంటాస్టిక్ ఫోర్’ పత్రిక 43వ సంచిక మీద 1965 అక్టోబరు అని, 44వ సంచిక మీద 1965 నవంబరు అని ఉంటుంది. రెండిటికీ రచయిత స్టాన్ లీ, పెన్సిల్ కిర్బీ. పాత్రలూ చాలావరకు అవే. మారింది ఇంకర్ ఒక్కరే. 43కు విన్స్ కొల్లెట్టా సిరా వేస్తే, 44 నుంచి జో సినాట్ మొదలుపెట్టారు. ప్రయోగశాలలో కూడా ఇంత చక్కని పరీక్ష కుదరదేమో.

మెడూసా అనే పాత్రను గమనించండి. రెండు సంచికల్లోనూ ఉంటుంది. ఆమె శక్తి అంతా జుట్టులోనే ఉంది. అది పాములా కదిలి మనుషులను చుట్టేస్తుంది. కొల్లెట్టా ఆ జుట్టును పాళీతో, పక్కపక్కన వేసిన సన్నని గీతలతో తీరుస్తారు. నిజం జుట్టులాగే ఉంటుంది, మెత్తగా, కాస్త చిక్కుపడి. సినాట్ చేతిలో అదే జుట్టు నల్లని పెద్ద పాయలుగా, వాటి మధ్య తెల్లగా మెరిసే పట్టీలుగా విడిపోతుంది. అది జుట్టులా కన్నా లోహంలా కనిపిస్తుంది. కానీ మనిషిని ఎత్తి విసిరేయగల జుట్టు ఎలా ఉండాలి? ఆ ప్రశ్నకు నమ్మదగిన జవాబు సినాట్‌దే. కథలో ఆ జుట్టు ఏం చేస్తుందో తెలుసుకుని వేసిన సిరా అది.

ఇంకర్ చేసేది పఠనమే అని ఈ పాఠం వాదన. త్యాగరాజ కృతి ఒకటే, దాన్ని ఇద్దరు గాయకులు పాడితే ఒకరి దగ్గర భక్తి పైకి తేలుతుంది, మరొకరి దగ్గర లయ తేలుతుంది. కృతి మారలేదు. కానీ మనం విన్నది గాయకుడినే. ఒక తేడా మాత్రం ఉంది, అది పెద్దదే. పాట మళ్ళీ పాడవచ్చు. కామిక్ పుటలో ఇంకర్ పాడాక కృతిని రబ్బరుతో చెరిపేస్తారు.

సినాట్ (1926–2020) న్యూయార్క్ రాష్ట్రంలోని సాగర్టీస్ అనే చిన్న ఊళ్ళో ఉండి, పోస్టులో వచ్చిన పుటలకు సిరా వేసి పంపేవారు. 44వ సంచిక నుంచి 1970లో కిర్బీ మార్వెల్‌ను వదిలి వెళ్ళేదాకా ‘ఫెంటాస్టిక్ ఫోర్’కు ప్రధానంగా ఆయనే ఇంకర్. గెలాక్టస్, సిల్వర్ సర్ఫర్ వచ్చిన 48–50 సంచికలు, బ్లాక్ పాంథర్ తొలిసారి కనిపించిన 52వ సంచిక (1966) ఈ కాలానివే. ఆకాశంలో శక్తి పేలుతున్నట్టు చూపడానికి కిర్బీ నల్లని గుండ్రటి చుక్కల గుంపులు గీసేవారు. అభిమానులు వాటికి ‘కిర్బీ క్రాకిల్’ అని పేరు పెట్టారు. సినాట్ చేతిలో ఆ చుక్కలు అంచులు తేరి, నిండుగా, ఒక్కొక్కటీ లెక్కపెట్టేలా ఉంటాయి. ది థింగ్ పాత్ర ఒంటి మీది రాతి పలకలు కూడా అంతే. పలకకూ పలకకూ మధ్య సందు స్పష్టంగా ఉంటుంది. యంత్రాలు మెరుస్తాయి. ముఖాలు కిర్బీ పెన్సిల్‌లో కన్నా నున్నగా, అందంగా ఉంటాయి.

చివరి వాక్యం దగ్గర కాస్త ఆగండి. ముఖాలు అందంగా మారాయంటే సినాట్ పెన్సిల్‌ను ఉన్నదున్నట్టు అనుసరించలేదన్నమాట. ఆయన దిద్దారు. అయినా కిర్బీ అభిమానుల్లో అత్యధికులు ఆయననే ఉత్తమ ఇంకర్ అంటారు. విశ్వసనీయతే ఇంకర్‌కు కొలమానమైతే ఈ తీర్పు నిలబడదు. కాబట్టి పాఠకులు నిజంగా కొలుస్తున్నది విశ్వసనీయతను కాదు, మరొకదాన్ని. అదేమిటో తేలాలంటే కొల్లెట్టాను చూడాలి.

ఈలోగా సినాట్ గురించి ఇంకో సంగతి. కిర్బీ వెళ్ళిపోయాక ‘ఫెంటాస్టిక్ ఫోర్’కు జాన్ రొమిటా, జాన్ బుసేమా, రిచ్ బక్లర్, జార్జ్ పెరెజ్ వంటివారు వేర్వేరు కాలాల్లో పెన్సిల్ పట్టారు. 1980ల తొలినాళ్ళ దాకా వారిలో చాలామంది పుటలకు సిరా సినాట్‌దే. చిత్రకారులు మారుతున్నా పత్రిక ముఖం మారలేదని అప్పటి పాఠకులకు అనిపించిందంటే, ఆ ముఖం ఎవరిదో మీరే చెప్పవచ్చు.

9.4 రబ్బరు చేసిన పని

విన్స్ కొల్లెట్టా (1923–1991) సిసిలీలో పుట్టి అమెరికాలో స్థిరపడిన చిత్రకారుడు. ప్రేమకథల కామిక్స్ గీస్తూ పైకి వచ్చారు. ఆయన పేరు చెబితే కిర్బీ అభిమానులు ఇప్పటికీ మండిపడతారు. ఆ కోపంలో రెండు వేర్వేరు ఫిర్యాదులు కలిసిపోయాయి. వాటిని విడదీయకుండా ఆయన మీద తీర్పు చెప్పడం అన్యాయం.

మొదటి ఫిర్యాదు శైలి గురించి. కొల్లెట్టా గీత సన్నగా, గీకినట్టుగా ఉంటుంది. కిర్బీ బలమైన నలుపులను అది పలచబరుస్తుందని అంటారు. నిజమే. కానీ 1960ల నడుమ నుంచి ఆయన ‘థోర్’కు వేసిన సిరాను చూడండి. థోర్ ఉత్తర ఐరోపా పురాణాల దేవుడు. అతని లోకమైన ఆస్గార్డ్ కోటలు, గడ్డాల వృద్ధులు, బొచ్చు అంగరఖాలు కొల్లెట్టా పాళీలో పాత పుస్తకాల్లోని చెక్కుడు బొమ్మల్లా కనిపిస్తాయి. అవి ఇప్పటివి కావు, ఎప్పటివో అనిపిస్తాయి. సినాట్ మెరుగు అక్కడ వేస్తే ఆస్గార్డ్ కొత్త కారులా తళతళలాడేది. అదే సంచికలో కథ న్యూయార్క్ వీధిలోకి దిగగానే ఆ పాళీ తేలిపోతుంది. కారు, మేడ, యంత్రం దానికి పట్టవు. నా అభిప్రాయంలో శైలి విషయంలో కొల్లెట్టాకు సగం మార్కులు న్యాయంగానే రావాలి.

రెండో ఫిర్యాదు వేరు. కొల్లెట్టా గీయాల్సినవి గీయలేదు. కిర్బీ పెన్సిల్ దశలో ఉన్నప్పుడు తీసిన నకళ్ళు కొన్ని పుటలకు మిగిలాయి. ‘ది జాక్ కిర్బీ కలెక్టర్’ అనే పత్రిక 1994 నుంచి అలాంటివెన్నో ప్రచురించింది. వాటిని అచ్చయిన పుటల పక్కన పెడితే తెలుస్తుంది: వెనుక నిలబడ్డ మనుషులు లేరు, మేడల కిటికీలు లేవు, గుంపులో కొందరు ఉత్త నల్లని నీడలయ్యారు. సిరా వేయడంకన్నా చెరపడం త్వరగా అయిపోయే పని.

దీన్ని శైలి అనలేం. కిర్బీ పుటలో లోతు ఎలా వస్తుందో ఆలోచించండి. ముందు ఒక పిడికిలి, దాని వెనుక మనిషి, అతని వెనుక పారిపోతున్న జనం, ఆ వెనుక కూలుతున్న మేడ. ఒక్కొక్క పొర తీసేస్తూ పోతే చివరికి మిగిలేది ఖాళీలో నిలబడ్డ ఇద్దరు వీరులు. పారిపోయే జనం లేకపోతే ప్రమాదం ఎవరికో పాఠకుడికి తెలియదు. చెరిగింది అలంకారం కాదు, కథనం.

అయితే ఈ నేరంలో కొల్లెట్టా ఒంటరి కాదు. ఇంకర్‌కు పుటకింత అని కూలి. ఎంత బాగా వేసినా అదే, ఎంత తొందరగా వేసినా అదే. ఆలస్యమైన సంచికను రెండు మూడు రోజుల్లో ముగించి ఇవ్వగలవాడు సంపాదకులకు దేవుడితో సమానం. అచ్చుయంత్రం గంటలు ముందే మాట్లాడుకుని ఉంటారు, అందుకోకపోతే నష్టం. కొల్లెట్టాకు పని మీద పని వచ్చింది ఆ వేగం వల్లే. సంపాదకులకు తెలియకుండా జరిగింది కాదు. రబ్బరు పట్టిన చేయి ఆయనదే గాని, దాన్ని మెచ్చి మళ్ళీ పిలిచిన చేతులు వేరే ఉన్నాయి. ఈ మాట ఆయనను నిర్దోషిని చేయదు. పుటకింత కూలికే పనిచేసిన సినాట్ కిటికీలన్నీ గీశారు.

సినాట్ మార్చినా మన్నించి, కొల్లెట్టా మార్చితే ఎందుకు మన్నించలేకపోతున్నామో ఇప్పుడు చెప్పవచ్చు. సినాట్ మార్పులు కిర్బీ ఉద్దేశించిన దిశలోనే ఇంకో అడుగు వేశాయి. కొల్లెట్టా చెరపడం ఆ ఉద్దేశాన్ని చదవడానికే నిరాకరించింది.

9.5 ముఖాలు మార్చవద్దు

1970లో కిర్బీ డీసీ సంస్థకు వెళ్ళారు. ‘న్యూ గాడ్స్’, ‘ఫరెవర్ పీపుల్’, ‘మిస్టర్ మిరకిల్’ అనే మూడు కొత్త పత్రికలను తానే రాస్తూ గీస్తూ 1971లో మొదలుపెట్టారు. వీటితోపాటు సూపర్‌మాన్ మిత్రుడు జిమ్మీ ఓల్సెన్ పత్రిక కూడా ఆయనకు అప్పగించారు. అక్కడ ఒక విచిత్రం జరిగింది. కిర్బీ గీసిన సూపర్‌మాన్ ముఖం సంస్థకు అలవాటైన ముఖంలా లేదని, ఆల్ ప్లాస్టినో, మర్ఫీ ఆండర్సన్ చేత ఆ ముఖాలను మళ్ళీ గీయించారు. అచ్చయిన పుటలో ఒంటికి ముఖం అతికినట్టు ఉండదు. శిక్షణ లేని కన్ను కూడా దాన్ని పట్టేస్తుంది.

ఈ పత్రికలకు మొదట ఇంకర్ కొల్లెట్టాయే. కొన్ని నెలలకే కిర్బీ మార్పు కోరారు. 1971లో కాలిఫోర్నియాలో ఉండే మైక్ రోయర్ వచ్చారు. కిర్బీ నివాసం కూడా అప్పటికి అక్కడే. రోయర్ అక్షరాలు, సిరా రెండూ తానే చేసేవారు. పెన్సిల్ గీత ఎంత ఉంటే అంత, ఎక్కడ ఉంటే అక్కడ. ఒకే ఒక్కసారి, మొదట్లో, బిగ్ బార్డా అనే యోధురాలి ముఖాన్ని ఆయన కాస్త అందంగా దిద్దారు. కిర్బీ ఒప్పుకోలేదు, ముఖాలు ఎప్పుడూ మార్చవద్దని చెప్పారు. ఈ సంగతిని రోయరే చాలాసార్లు చెప్పుకున్నారు. సూపర్‌మాన్ ముఖాల ఉదంతం తెలిసినవారికి ఆ కోపం ఎక్కడిదో వేరే చెప్పనక్కర్లేదు.

రోయర్ సిరాలో కిర్బీ మొరటుదనం దాపరికం లేకుండా బయటపడింది: చదరపు వేళ్ళు, మోకాళ్ళ మీద మెలికల నలుపులు, రాతిలో చెక్కినట్టుండే నోళ్ళు. సినాట్ నునుపుకు అలవాటుపడిన కొందరు పాఠకులకు ఇది గరుకుగా తోచింది, కిర్బీ చేయి దిగజారిందనుకున్నారు. నిజానికి ఆయన అసలు చేయిని దాదాపు ఉన్నదున్నట్టు వారు చూసింది అప్పుడే. మీ అభిరుచి ఏ పక్షమైనా ఫరవాలేదు. నా మటుకు నాకు చదివే సుఖం సినాట్ దగ్గర ఎక్కువ, కిర్బీ గురించి తెలిసేది రోయర్ దగ్గర ఎక్కువ. రెండూ ఒకటే అనుకుంటే మాత్రం విమర్శ గాడి తప్పుతుంది.

కిర్బీ తానే సిరా వేసుకోవచ్చు కదా అని మీకు అనిపించవచ్చు. తొలినాళ్ళలో వేసుకునేవారు కూడా. కానీ 1960ల తొలినాళ్ళలో ఏడాదికి వెయ్యి పుటలకు పైగా గీసిన సంవత్సరాలున్నాయి. ఆ వేగంలో అది కుదరదు. పైగా ఒకసారి గీసిన కథను మళ్ళీ గీయడం ఆయనకు విసుగు. పెన్సిల్ కిందపెట్టగానే ఆయన వరకు కథ అయిపోయేది.

9.6 పుట ఎవరి సొత్తు

కొనుక్కున్న సంస్థలు మూలచిత్రాలను చాలాకాలం తమ దగ్గరే ఉంచుకున్నాయి. 1980లలో కిర్బీ తన పుటల కోసం మార్వెల్‌తో బహిరంగంగా పోరాడవలసి వచ్చింది. ఆ సంస్థకు గీసిన వేలాది పుటల్లో 1987లో ఆయనకు తిరిగి వచ్చినవి సుమారు రెండు వేలు. ఈ పోరాటం కథను చిత్రకారుడి పక్షాన చెప్పడం రివాజు, అది న్యాయమే. కానీ సంస్థలు మూలచిత్రాలను తిరిగి ఇవ్వడం మొదలుపెట్టినప్పుడు పెన్సిల్ వేసినవారికీ ఇంకర్‌కూ పుటలు పంచేవారు. ఆ కాగితం మీద భౌతికంగా మిగిలిన గీత ఇంకర్‌దే కదా. చిత్రకారుడు తన సొత్తని అడుగుతున్న పుట మీద ఆయన వేసిన గీత లేదు, ఆయన ఆలోచన ఉంది. ఈ చిక్కుకు చట్టం ఏదో ఒక వాటా చెప్పి ఊరుకుంటుంది. విమర్శకుడు ఊరుకోకూడదు. మీ వ్యాసాల్లో “కిర్బీ గీత” అని రాసేముందు సంచిక మొదటి పుటలోని పేర్ల పట్టికను చూడండి. మార్వెల్ 1960లలోనే ఇంకర్ పేరు, అక్షరకారుడి పేరు అచ్చువేసింది. గీత గుణం గురించి మాట్లాడుతుంటే “కిర్బీ–సినాట్”, “కిర్బీ–రోయర్” అని రాయండి. గడుల అమరిక, భంగిమలు, కథా గమనం గురించి అయితే “కిర్బీ” అంటే చాలు.

ఇప్పుడు కంప్యూటర్ తెర మీద పెన్సిలూ సిరా పక్కపక్కనే ఉంటాయి, ఒకదాన్ని చెరపకుండానే రెండోది గీయవచ్చు. పెన్సిల్ గీతకు నేరుగా రంగు వేసి అచ్చువేయడం కూడా వచ్చింది. 2001లో మార్వెల్ ప్రచురించిన ‘ఆరిజిన్’లో ఆండీ క్యూబర్ట్ పెన్సిల్ మీద రిచర్డ్ ఇసనోవ్ రంగులు వేశారు, మధ్యలో ఇంకర్ లేరు. బొమ్మ మెత్తగా, తైలవర్ణ చిత్రంలా ఉంటుంది. కంటికి బాగుంటుంది గాని, గడి నుంచి గడికి చూపును తోసుకుపోయే నల్లని గీత అందులో లేదు.

అభ్యాసం

మీకు నచ్చిన కామిక్ పుస్తకం నుంచి ముగ్గురు నలుగురు మనుషులు, వెనుక ఏదైనా కట్టడం ఉన్న ఒక గడిని ఎంచుకోండి. దాన్ని పెన్సిల్‌తో లేతగా గీసి, జిరాక్స్ కేంద్రంలో రెండు నకళ్ళు తీయించండి. బొమ్మ బాగా రావాలని లేదు. ఒక నకలు మీద సన్నని పాయింట్ ఉన్న పెన్నుతో, మరొకదాని మీద కుంచెతో సిరా వేయండి. రెండోదానికి పావుగంట మించి సమయం తీసుకోవద్దు. ఆ తొందరలో మీరు వదిలేసినవి ఏవి? వాటిలో ఏది పోయినందువల్ల కథ మారింది, ఏది పోయినా మారలేదు? ఒకటిన్నర పేజీలకు మించకుండా రాసి, రెండు నకళ్ళనూ జతచేసి, సంప్రదింపు తరగతికి తీసుకురండి.